ధాత కరవు - బియ్యపు వర్తకము

అనంతపురము ప్రాంతమున సాలీనా కురియు వాన సగటున సుమారు 55 సెంటీమీటర్లు. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము ఇంత దూరము వచ్చుసరికి బలహీనపడును. కావున ఇచ్చటి మెట్టనేలలలో తరతరములుగా జొన్న, కొర్ర, రాగి పండించిరి; వరి చెరువుల క్రిందనే. అయినను దేశదేశముల బియ్యపు వర్తకమును గూర్చి ఒక గట్టి పాఠము ఈ నేలయే నేర్పినది.

1876లో రెండు ఋతుపవనములును తప్పినవి. అది ధాత నామ సంవత్సరము. అందుచే దీనిని ‘ధాత కరవు’ అందురు. అనంతపురము జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. అప్పుడీ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. కరవు మిక్కిలి తీవ్రముగా తాకిన జిల్లాలలో అది యొకటి.

అప్పుడు బియ్యము దొరకలేదా? దొరికినది. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన పిమ్మట ఐరావతీ డెల్టాలో అడవులు నరికి వరిసాగు పెంచిరి. 1869లో సూయజ్ కాలువ తెరచుటతో బర్మా బియ్యమునకు ఐరోపా మార్గము దగ్గరయ్యెను. రెండు చోట్ల ధరలకు గల తేడా రవాణా ఖర్చును మించినపుడే సరకు కదలును. 1877లో మద్రాసు ధరలు విపరీతముగా పెరుగగా బర్మా బియ్యము ఇటు మళ్లినది. గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరికి 1871 నాటికే రైలుమార్గము కలదు.

మరి జనము ఎందుకు చనిపోయిరి? పైరు లేనపుడు కూలి లేదు. నేతగాని బట్టకు గిరాకి లేదు. చేత డబ్బు లేనివాని ఆకలి బజారుకు కానరాదు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభుత్వము 30,000 టన్నుల ధాన్యము కొనగా, వర్తకమున జోక్యము కూడదని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము ఆక్షేపించెను. 1874లో బీహారునకు బర్మా బియ్యమును విస్తారముగా తెప్పించి ప్రాణములు కాపాడినవాడు రిచర్డ్ టెంపుల్. దుబారా చేసెనని అతనిని నిందించిరి. ఆ టెంపులే 1877లో ఇచ్చటికి వచ్చి, కరవు పనులలో కూలిని ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల గింజల విలువకును, కొద్ది చిల్లరకును తగ్గించెను. కష్టించు దేహమునకు అది చాలదని వైద్యాధికారి కార్నిష్ వాదింపగా, కొన్ని నెలలకు కూలి పెంచిరి. ఈ కరవులో బ్రిటిషు ఇండియాలో 50 లక్షలకు పైగా మరణించిరని 1880 నాటి కరవు కమిషను అంచనా. ఆ కాలమందును దేశము నుండి ధాన్యపు ఎగుమతి ఆగలేదు.

2022 నాటికి ప్రపంచ బియ్యపు వర్తకములో సుమారు 40 శాతము భారతదేశమునదే. 2023 జూలైలో దేశములో ధరలు పెరుగుచుండగా బాస్మతి కాని తెల్ల బియ్యపు ఎగుమతిని ప్రభుత్వము నిషేధించి, 2024 సెప్టెంబరులో ఆ నిషేధమును ఎత్తివేసెను. 1877లో అంటరాదన్న వర్తకమును ఇప్పుడు ఆపగలిగిరి. అయితే ఆ నిషేధము వలన మన బియ్యముపై ఆధారపడిన ఆఫ్రికా దేశములకు ఇబ్బంది కలిగినది. ఓడరేవులో బస్తాలు ఎన్ని యున్నవని లెక్కించుట సులభము. అవి ఏ యింటి పొయ్యిదాక చేరునో కూడ లెక్కించినగాని కరవు లెక్క పూర్తికాదు.