నేర నిర్ధారణ: అమెరికాలో వలసదారుల హోదా

అమెరికాలో పౌరసత్వం లేని వ్యక్తి మీద క్రిమినల్ కోర్టులో నేరం రుజువైతే జరిమానాతోనో జైలుతోనో అది తీరిపోదు. అదే కేసు ఆధారంగా అతణ్ణి దేశం నుంచి పంపేయవచ్చు. విద్యార్థి వీసా, హెచ్‌-1బి వాళ్లకే కాదు, దశాబ్దాలుగా గ్రీన్ కార్డు మీద ఉంటున్నవాళ్లకూ ఈ ముప్పు ఉంది. దీనికి ఆధారం 1952 నాటి వలస, జాతీయత చట్టం. 1996 సవరణలతో అది చాలా కఠినమైంది.

ఆ సవరణల ప్రకారం, నిందితుడు నేరం ఒప్పుకొని, కోర్టు ప్రొబేషన్ లాంటి ఆంక్ష ఏదైనా విధిస్తే నేరం రుజువైనట్టే లెక్క. ప్రొబేషన్ గడువు సవ్యంగా పూర్తయ్యాక రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినా వలస అధికారులు సాధారణంగా దాన్ని పట్టించుకోరు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ‘అగ్రవేటెడ్ ఫెలొనీ’ (తీవ్ర నేరాల) జాబితా. 1988లో ఇది మొదలైనప్పుడు హత్య, మాదకద్రవ్యాల రవాణా, ఆయుధాల రవాణా మాత్రమే ఉండేవి. ఇప్పుడు ఏడాది శిక్ష పడిన దొంగతనం, 10,000 డాలర్లకు మించి నష్టం కలిగించిన మోసం కూడా ఉన్నాయి. జడ్జి ఆ ఏడాది శిక్షను అమలు చేయకుండా ఆపి ఇంటికి పంపినా ఏడాది కిందే లెక్క. ఈ జాబితాలో పడితే ఉపశమనానికి దారులు దాదాపు మూసుకుపోతాయి. చిన్న తప్పుకు ఇంత శిక్ష అన్యాయమనే న్యూయార్క్ 2019లో మిస్‌డిమీనర్ (చిన్న నేరం) గరిష్ఠ శిక్షను 364 రోజులకు కుదించింది. ఆ ఒక్క రోజు తగ్గింపు ఎన్నో కుటుంబాలను కాపాడగలదు.

డ్రగ్స్ విషయంలో మినహాయింపు ఒక్కటే: సొంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకు తక్కువ గంజాయి ఒక్కసారి దొరికితే డిపోర్టేషన్ (దేశం నుంచి పంపేయడం) నుంచి బయటపడవచ్చు. రాష్ట్రం గంజాయిని అనుమతించినా ఫెడరల్ చట్టం మారదు. తాగి కారు నడిపిన మామూలు కేసు అగ్రవేటెడ్ ఫెలొనీ జాబితాలోని ‘హింసాత్మక నేరం’ కాదని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. అయినా అరెస్టు సమాచారంతోనే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు.

ఈ చరిత్రలో మరచిపోలేనిది పాడిల్లా కేసు. హోండురస్‌లో పుట్టిన పాడిల్లా నలభై ఏళ్లకు పైగా శాశ్వత నివాసి, వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. కెంటకీలో అతని ట్రక్కులో గంజాయి దొరికింది. ఇంతకాలంగా ఇక్కడే ఉన్నావు కాబట్టి హోదాకు భయం లేదని లాయరు చెప్పిన మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతో డిపోర్టేషన్ దాదాపు ఖాయమైంది. నేరం ఒప్పుకుంటే వలస హోదాకు ఏమవుతుందో క్లయింటుకు చెప్పడం లాయరు బాధ్యతేనని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో మాత్రం ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరకడు.

తెలుగు విద్యార్థులు స్టోర్లలో వస్తువుల దొంగతనం కేసుల్లో చిక్కుకున్న సందర్భాలూ ఉన్నాయి. విలువ కొద్ది డాలర్లే అయినా దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనాన్ని సూచించే నేరంగా చూస్తారు కాబట్టి అదీ వీసాకు ముప్పే. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా?’ అని వీసా దరఖాస్తు డీఎస్‌-160 అడుగుతుంది. కేసు కొట్టేసినా అరెస్టు జరిగితే ‘అవును’ అనే రాయాలి. దాచితే అది మరో అభియోగమవుతుంది. కోర్టు ధ్రువీకరించిన తీర్పు ప్రతిని భద్రంగా ఉంచుకోండి. కేసు త్వరగా ముగుస్తుందని ఎవరు చెప్పినా, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా నేరం ఒప్పుకోవద్దు.