కొల్లేటి గూడబాతులు

క్రీ.శ. 634 నాటి ఐహొళె శాసనంలో రవికీర్తి తన ప్రభువైన రెండవ పులకేశి జైత్రయాత్రను వర్ణిస్తూ, యోధుల నెత్తుటితో ఎరుపెక్కిన ‘కౌనాళ’ జలాన్ని సంధ్యాకాశంతో పోల్చాడు. ఆ జలం మన కొల్లేరేనని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయం. కవికి అక్కడ ఏనుగులు కనిపించాయి, నెత్తురు కనిపించింది. పక్షులు మాత్రం కనిపించలేదు. యుద్ధవర్ణనలో వాటికి చోటెక్కడిది!

వాటి చరిత్రను వ్రాసినవారు చాలా తరువాత వచ్చారు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతులు గూళ్ళు కట్టుకొనే తావును 1946లో లోకానికి తెలిపినవాడు కె.కె. నీలకంఠన్. ‘ఇందుచూడన్’ అనే కలంపేరుతో మలయాళంలో పక్షులను గురించి వ్రాసిన రచయిత ఆయనే.

గూడబాతు అన్న పేరు నాకెంతో ఇష్టం. కాలువలోని నీటిని చేనికి తోడే గూడను ఎరిగిన మా గోదావరి రైతుకు ఆ ముక్కు క్రింది సంచిని వేరే వర్ణించి చెప్పనక్కరలేదు.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఇందులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 1970లలో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలకు ఇక్కడ చేపల చెరువులు ఇచ్చింది. తరువాత పెద్ద పెట్టుబడి దిగింది. గట్టు మీద గట్టు లేచి సరస్సు సరస్సుగా మిగలలేదు. 1999లో ఐదవ కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. గట్లు మాత్రం కదలలేదు. చివరకు 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో పొక్లెయిన్లతోను, పేలుడు పదార్థాలతోను వాటిని తెగగొట్టారు.

ఆ పని జరగవలసినదేనని నా అభిప్రాయం. అయితే గట్టు తెగిననాడు పెట్టుబడి పెట్టిన ఆసామి వేరొక వ్యాపారం చూసుకోగలడు. లంక గ్రామాల కూలివాడు ఎక్కడికి పోవాలి? అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించడం వెనుక ఓట్ల లెక్క ఉండవచ్చు, ఆకలి కూడా ఉన్నది.

మా వాడపల్లి గౌతమి ఒడ్డున ఉంది. ఇక్కడ కొంగలకు కొదవలేదు గాని, గూడబాతులను తనివితీర చూడడానికి కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్ళాను. చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో ఇనుప స్టాండ్లు నిలిపారు. పక్షులు వాటికి వంక పెట్టలేదు. పుల్లలు పేర్చుకొని కాపురం పెట్టేశాయి. ఒక స్టాండు మీద పిల్ల తన తల మొత్తాన్ని తల్లి సంచిలోకి దూర్చి చేపలు వెదుక్కొంటున్నది. రెక్కలు టపటపలాడిస్తూ అది చేసే గోలకు ప్రక్క గూళ్ళవాళ్ళు తలలైనా త్రిప్పలేదు.