పెదవులే మెట్లుగా: బరోక్ ట్రంపెట్ వైభవం

ఐరోపా సంగీతంలో బరోక్ కాలపు ట్రంపెట్ ఏడెనిమిది అడుగుల పొడవున్న ఇత్తడి గొట్టం. దాన్ని మెలికలు తిప్పి చేతుల్లో ఇమిడేలా మలిచేవారు. స్వరం మార్చడానికి దానికి వాల్వులు లేవు, వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలూ లేవు. వాయించేవాడి పెదవుల బిగింపు, ఊపిరి ఒత్తిడి, ఈ రెండే ఆధారం.

అలాంటి గొట్టంలో గాలి సహజంగా పలికే స్వరాలే వస్తాయి. మంద్రంలో షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, గాంధారం అంటూ అవి ఎడంఎడంగా ఉంటాయి. యుద్ధంలో సంకేతాలు ఇవ్వడానికీ రాజుగారి రాకను చాటడానికీ అవి సరిపోయేవి. పైకి వెళ్లేకొద్దీ స్వరాలు దగ్గరవుతాయి. మూల స్వరం నుంచి లెక్కిస్తే ఎనిమిదో స్వరం దాటాక సరిగమలు వరుసగా దొరుకుతాయి. ఈ పై స్థాయినే క్లారినో అన్నారు. చిక్కు కూడా అక్కడే ఉంది. పదకొండో స్వరం శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ దాదాపు సరిగ్గా నడుమ పడుతుంది. పదమూడోది రెండు ధైవతాల మధ్య ఎటూ కాకుండా నిలుస్తుంది. వీటిని ఎప్పటికప్పుడు పెదవులతో వంచి శ్రుతిలోకి తేవాలి. వేగంగా సాగే పాటలో రెప్పపాటులో జరగాల్సిన పని ఇది.

1607లో మాంటువాలో మాంటెవర్డి తన ‘ఓర్ఫియో’ సంగీత నాటకాన్ని ట్రంపెట్ల మోతతోనే ఆరంభించాడు. 1638లో ట్రంపెట్ విద్వాంసుడు జిరొలామో ఫాంటీని వెలువరించిన శిక్షణ గ్రంథంలో ట్రంపెట్, ఆర్గన్ కలిసి వాయించే సొనాటాలు కనిపిస్తాయి. కోటబురుజుల వాద్యం కచేరీకి వచ్చిందనడానికి ఇదే గట్టి సాక్ష్యం. జర్మన్ సామ్రాజ్యంలో మాత్రం ఈ విద్యకు కట్టుబాట్లు ఎక్కువ. 1623లో చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ ట్రంపెట్, నగారా వాద్యకారుల సంఘానికి ప్రత్యేక హక్కులు ఇచ్చాడు. గురువు దగ్గర శిష్యరికం చేసినవారికే ఆ విద్య దక్కేది, దాని మెళకువలు సంఘం గడప దాటేవి కావు.

ఇటలీలో బొలోన్యా నగరంలోని సాన్ పెట్రోనియో చర్చి ఈ సంగీతానికి పెద్ద నెలవు. ఆ విశాల మందిరంలో నాదం చాలాసేపు నిలుస్తుంది. అక్కడి సంగీతకారుడు కజ్జాతి 1665లో ట్రంపెట్ సొనాటాలు అచ్చువేయించాడు. తర్వాత టొరెల్లి ఆ చర్చి కోసమే ఎన్నో రచనలు చేశాడు. లండన్‌లో స్వరకర్త పర్సెల్ రచనలకు తన ట్రంపెట్‌తో ప్రాణం పోసిన జాన్ షోర్, 1711లో శ్రుతిదండాన్ని కనిపెట్టిన వ్యక్తి కూడా. మరో స్వరకర్త హాండెల్‌కు ట్రంపెట్ వాద్యకారుడు వాలెంటైన్ స్నో అండగా నిలిచాడు.

అందరిలోకీ ప్రత్యేకంగా చెప్పుకోవాల్సినవాడు గాట్‌ఫ్రీడ్ రైఖె. 1667లో వైసెన్‌ఫెల్స్‌లో పుట్టి, లైప్‌జిగ్ నగర వాద్యకారుడిగా స్థిరపడ్డాడు. 1723లో స్వరకర్త బాఖ్ ఆ ఊరికి వచ్చేనాటికి రైఖె అక్కడి వాద్యకారుల్లో పెద్ద. బాఖ్ లైప్‌జిగ్‌లో ట్రంపెట్‌కు రాసిన కఠినమైన భాగాలు చాలావరకు ఇతని సత్తా మీద నమ్మకంతో రాసినవే. హౌస్‌మాన్ గీసిన చిత్తరువులో రైఖె ఒక చేత చుట్టలు చుట్టిన ట్రంపెట్, మరో చేత స్వరాలు రాసిన కాగితం పట్టుకుని ఉంటాడు. 1734 అక్టోబరు 5 రాత్రి పోలండ్ రాజు గౌరవార్థం బాఖ్ రచనను కాగడాల వెలుగులో ఆరుబయట వాయించారు. మర్నాడు రైఖె వీధిలో కుప్పకూలి మరణించాడు. ముందురాత్రి వాయించిన శ్రమ, కాగడాల పొగ అందుకు కారణమని ఆనాటి వృత్తాంతం చెబుతోంది.

బాఖ్ రెండో బ్రాండెన్‌బర్గ్ కన్‌చెర్టో (1721)లో ట్రంపెట్‌తో పాటు వేణువు, ఓబో, వయొలిన్ సమానంగా నడుస్తాయి. సన్నని వేణునాదాన్ని ముంచేయకుండా అత్యున్నత స్థాయిలో వాయించాలి. బరోక్ ట్రంపెట్ గొప్పతనం ఆ మెత్తదనంలోనే ఉంది. మోతెక్కించడం సైనికుడికీ చేతనవును, గాయకుడి గొంతు పక్కన ఒదిగి పలకడం మహా విద్వాంసుడికే చేతనవును.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి అభిరుచులు మారాయి, గురుశిష్య పరంపర తెగిపోయింది. 1818లో బెర్లిన్‌లో వాల్వులకు పేటెంట్ వచ్చాక పాత విద్య అవసరమే లేదనిపించింది. బాఖ్ రాసిన భాగాలను వాయించగలవారు కరవయ్యారు. ఇరవయ్యో శతాబ్దంలో చిన్న పికొలో ట్రంపెట్ ఆ లోటు కొంత తీర్చింది. యుక్తవయసులో బొగ్గుగనిలో పనిచేసిన ఫ్రెంచి కళాకారుడు మోరిస్ ఆండ్రే (1933-2012) దానితో ప్రపంచఖ్యాతి పొందాడు. టీవీలో రెండో బ్రాండెన్‌బర్గ్ కన్‌చెర్టో వాయించిన డేవిడ్ మేసన్‌ను చూసి ముచ్చటపడిన పాల్ మెకార్ట్‌నీ, 1967 నాటి బీటిల్స్ పాట ‘పెనీ లేన్’లో అతనిచేత వాయింపజేశాడు.

ఈలోగా జర్మనీలో పాత వాద్యాన్నే పునరుద్ధరించే ప్రయత్నం మొదలైంది. శ్రుతి కుదరడానికి గొట్టానికి చిన్న రంధ్రాలు పెట్టే పద్ధతి 1960ల నుంచి వ్యాపించింది. ఫ్రెంచి కళాకారుడు జాన్-ఫ్రాన్సువా మదెఫ్ వంటివారు ఆ రంధ్రాలూ వద్దని, రైఖె కాలంలోలాగే పెదవులతోనే వాయిస్తున్నారు.

ఈ సంగీతం కొత్తగా వినాలనుకునేవారు బాఖ్ 51వ కాంటాటాతో మొదలుపెట్టవచ్చు. అందులో సోప్రానో గాయని, ట్రంపెట్ ఒకరికొకరు తీసిపోకుండా పోటీపడతారు. వాల్వులు లేని వాద్యంతో చేసిన రికార్డింగ్‌నే ముందు వినాలి.