ఏథెన్స్ నగర నామం: వ్యుత్పత్తి, రూపభేదాలు

ఉపోద్ఘాతం:
తెలుగులో 'ఏథెన్స్' అని వ్రాసినప్పుడు చివరి 'స్' ఆ పేరులోని సహజ వర్ణంగానే తోస్తుంది. నిజానికి అది బహువచన చిహ్నపు అవశేషం. ప్రాచీన గ్రీకులో ఈ నగర నామం 'అథేనై'. స్త్రీలింగ బహువచన రూపం. ఈ నామానికి మూలం దేవతా, నగరమా? వచనం ఎందుకు మారింది? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

దేవతా? నగరమా?
పొసైడాన్, అథేనా ఈ నగరం కోసం పోటీపడ్డారని గ్రీకు పురాణగాథ. పొసైడాన్ త్రిశూలంతో కొండను మోది ఉప్పునీటి ఊటను పుట్టించాడు. అథేనా ఆలివ్ చెట్టును మొలిపించి గెలిచింది. నగరానికి ఆమె పేరే నిలిచింది. భాషాసాక్ష్యం మాత్రం ఇందుకు భిన్నమైన దారి చూపుతుంది. 'ఏనే' అనే అంత్యభాగం మికేనే, పల్లేనే వంటి స్థలనామాలలో కనిపిస్తుంది. ఈ పేరుకు గ్రీకు ధాతువులతో నమ్మదగిన వ్యుత్పత్తి కుదరదు. కనుక ఇది గ్రీకుకు పూర్వపు భాషనుండి వచ్చినదని పలువురి అభిప్రాయం. నగరం పేరే దేవతకు సంక్రమించిందని వాల్టర్ బుర్కెర్ట్ భావించాడు.

క్రీట్ ద్వీపంలోని క్నోసోస్‌లో దొరికిన లీనియర్-బి లిపి ఫలకంపై 'అ-త-న-పొ-తి-ని-య' అని ఉంది. 'పొత్నియా' అంటే స్వామిని. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, దీనిని 'అతానా అనే స్వామిని' అని సంభావనా పూర్వపద కర్మధారయంగానూ, 'అతానా యొక్క స్వామిని' అని షష్ఠీ తత్పురుషంగానూ విగ్రహించవచ్చు. రెండవ విగ్రహమే సరైనదైతే అతానా స్థలనామం అవుతుంది.

రూపభేదాలు:
ఒడిస్సీ 7వ సర్గలో ఈ నగరం 'అథేనే' అని ఏకవచనంలో కనిపిస్తుంది. తరువాతి కాలంలో తేబై, మికేనై వలె 'అథేనై' అనే బహువచనమే స్థిరపడింది. పలు పల్లెల కలయికను ఈ బహువచనం సూచిస్తుందన్నది ఒక వివరణ. అది నిరూపితం కాలేదు. లాటిన్ 'అథేనే' బహువచనమే. స్పానిష్ 'అతేనాస్', ఇంగ్లీషు 'ఏథెన్స్' రూపాలలోని సకారం ఆ వారసత్వమే. మధ్యయుగపు పాశ్చాత్యులు వాడిన 'సెతీనెస్' మరొక విశేషం. 'కు, లో' అనే అర్థాలనిచ్చే గ్రీకు పదంలోని సకారం, పదవిభజన పొరపాటువల్ల పేరు మొదట చేరింది.

ఆధునిక గ్రీసులో గ్రాంథిక రూపం బహువచనం; జనవ్యవహారంలో 'అథీనా' ఏకవచనం. 1976లో వ్యావహారిక భాష అధికారభాష కావడంతో ఏకవచనమే ప్రామాణికమైంది.

ముగింపు:
ఒడిస్సీలోని ఏకవచనానికి, నేటి ఏకవచనానికి మధ్య అవిచ్ఛిన్న సంబంధం ఉందని చెప్పలేము. గ్రీకులు వదిలిన బహువచనం మాత్రం ఇంగ్లీషు ద్వారా తెలుగులో నిలిచింది. స్థలనామ పరిశోధకులు గాథను గాథగా గౌరవిస్తూనే, ప్రత్యయాన్ని, వచనాన్ని, పదవిభజనను సాక్ష్యాలుగా విచారించాలని ఈ నామం బోధిస్తున్నది.