స్తూపం పోయాక వచ్చిన కెమెరా

అమరావతి శిల్పాలకు మనకు తెలిసిన తొలి ఫొటోలు పల్నాడులో తీసినవి కావు, మద్రాసులో తీసినవి. 1858లో అక్కడి సెంట్రల్ మ్యూజియంలో కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ వాటిని తీశాడు. అప్పుడాయన మద్రాసు ప్రెసిడెన్సీకి సర్కారు ఫొటోగ్రాఫర్.

అప్పటికే ఆ శిల్పాలున్న బౌద్ధ స్తూపం చెదిరిపోయింది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త రాజధాని కడుతున్నప్పుడు, ఇటుకల కోసం, రాళ్ల కోసం దీపాలదిన్నె అని పిలిచే స్తూపపు దిబ్బను తవ్వేశారు. సంగతి తెలిసి కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, మిగిలిన పలకలకు బొమ్మలు గీయించాడు. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైంది 1839లో కనుక ఆయనకు కాగితం, కలమే దిక్కు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన పలకలు మ్యూజియం ముందు ఎండకు ఎండి, వానకు తడిశాయి.

ట్రైప్ 1858లోనే తంజావూరు పెద్దగుడి విమానం అడుగున ఉన్న శాసనాల వెంట కెమెరా జరుపుకుంటూ వెళ్లి, 21 ప్రింట్లు అతికించి దాదాపు 19 అడుగుల చిత్రం తయారుచేశాడు. అక్కడ గుడి నిలిచి ఉంది. అమరావతి వంతు వచ్చేసరికి ఆయన ముందున్నవి విడివిడి పల్నాటి సున్నపురాతి పలకలే. ఏది ఏ దిక్కున ఉండేదో ఫొటో చెప్పలేదు. కొన్ని పలకల మీద స్తూపమే చెక్కి ఉంది: ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద వరసగా అయిదు ఆయక స్తంభాలు, గుమ్మటంలాంటి అండం మీద పూలదండలు. కట్టడం పోయినా దాని రూపు అలా దక్కింది.

1859లో చాలా పలకలు లండన్‌కు ఓడెక్కాయి. 1868లో జేమ్స్ ఫెర్గూసన్ తన పుస్తకంలో వాటి ఫొటోలు వేశాక పండితలోకం దృష్టి అమరావతి మీద పడింది.

మాచర్ల వైపు కథ వేరు. నాగార్జునకొండ శిథిలాలు 1926లో బయటపడ్డాయి. పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాల్లోనూ, నాగార్జునసాగర్ డ్యాం కట్టబోతున్నారని 1954 నుంచి 1960 దాకా హడావుడిగా సాగిన తవ్వకాల్లోనూ కెమెరా గోతి అంచునే ఉంది. కొన్ని కట్టడాలను విప్పి కొండమీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. లోయ మాత్రం సాగర్ నీళ్ల కింద ఉంది. ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నేలమీద ఎలా పరుచుకుని ఉండేదో చూడాలంటే ఆ ఫొటోలు ముఖ్యమైన ఆధారం. అమరావతి స్తూపం చెదరక ముందు తీసిన ఫొటో ఒక్కటి కూడా లేదు.