కుక్క పేరు మీద రాయి నిలబెట్టారు! పాలమూరు, నల్లగొండ దిక్కు పెంపుడు నేస్తాల చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు ఉన్నారు, యుద్ధం ఉంది, కానీ హీరో మాత్రం కుక్క.

ముందు మా ఇంటి ముచ్చట ఒకటి చెప్తా. మా అమ్మమ్మ వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె. వాళ్ళింట్లో ఒక ఊరకుక్క ఉండేది, పేరు రాజు. పొద్దున బస్సు హారన్ వినబడితే చాలు, స్టేజీ దాకా ఉరికేది. దిగినోళ్ళందరినీ వాసన చూసి, మనోళ్ళు ఎవరూ లేకపోతే మొహం వేలాడేసుకుని వాపసు వచ్చేది. పెరుగన్నం పెడితే అటు దిక్కే చూడదు, తపాల చెక్క కాల్చుతుంటే మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలదు. ఉరుము ఉరిమితే మంచం కింద దాక్కునేది. అదే కుక్క రాత్రి పూట వాకిట్లోకి కొత్త మనిషి వస్తే పులి అయిపోయేది! మీ ఇంట్లో కూడా ఇట్లాంటిది ఒకటి ఉండే ఉంటది.

మరి ఈ దోస్తీ ఎప్పటిది? మన దగ్గర కుక్క ముందు పనోడు, తర్వాత దోస్తు. పాలమూరు, నల్లగొండ అంటే వాన తక్కువ, గుట్టలు ఎక్కువ, గొర్లు ఎక్కువ. నల్ల గొంగడి భుజాన వేసుకుని కురుమలు, గొల్లలు మందను తోలుకుని ఎండాకాలం మేత కోసం దూరం పోతారు. రాత్రి బయలులోనే పడక. చీకట్లో తోడేలు వస్తే ముందు తెలిసేది మనిషికి కాదు, కుక్కకి. అది మొరిగితేనే కాపరి లేస్తాడు. ఒక్క రాత్రి అది మొరగకపోతే తెల్లారేసరికి పిల్లలు తగ్గుతాయి. అంటే ఆ ఇంటి సంవత్సరం సంపాదన కుక్క చెవుల మీద ఆధారపడి ఉండేది.

అందుకే కాపరుల దేవుడి పక్కన కూడా కుక్క ఉంది. మనం మల్లన్న అంటాం, కర్ణాటకలో మైలారుడు, మహారాష్ట్రలో ఖండోబా. బొమ్మల్లో ఆయన గుర్రం మీద ఉంటాడు, పక్కన కుక్క పరుగెత్తుతుంటది. కర్ణాటకలో ఆయన భక్తులు గొరవయ్యలు. వాళ్ళు దేవుడి ముందు కుక్కల లెక్క మొరుగుతారు, గిన్నెలో పోసిన పాలు నోటితోనే తాగుతారు. మనం ఎవరినన్నా తిట్టాలంటే కుక్క అంటాం. వాళ్ళేమో నేను నా దేవుడి కుక్కను అని గర్వంగా చెప్పుకున్నారు!

ఇక నల్లమల వైపు పోదాం. అమ్రాబాద్ గుట్టల్లో చెంచులు. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు 1940లో అక్కడ వాళ్ళ మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చు వేశాడు. విల్లు, గడ్డపార, తేనె తీసే తాడు, వెంట కుక్క... ఒకప్పటి చెంచు ఇంటి ఆస్తి దాదాపు ఇంతే. పొలం లేని మనిషికి కూడా కుక్క ఉంది.

ఇప్పుడు అసలు కథ. సంవత్సరం 949. తక్కోలం దగ్గర పెద్ద యుద్ధం. ఒక పక్క చోళులు, ఇంకో పక్క రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడు, ఆయన సామంతుడు గంగ రాజు రెండో బూతుగుడు. అప్పటి తెలంగాణలో ఎక్కువ భాగం ఈ రాష్ట్రకూటుల ఏలుబడి కిందనే ఉంది. యుద్ధంలో చోళ యువరాజు రాజాదిత్యుడు చనిపోయాడు. గెలిచాక బూతుగుడు మణలేర అనే తన వీరుడిని, నీకేం కావాలో కోరుకో అన్నాడు. ఊర్లు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. మణలేర ఏం అడిగాడో తెలుసా? రాజు దగ్గరున్న వేటకుక్కను! దాని పేరు కాళి.

తర్వాత ఆ కాళిని ఒక పెద్ద అడవిపంది మీదికి వదిలారు. రెండూ పోరాడి, రెండూ చనిపోయాయి. మణలేర ఊరుకోలేదు. ఆతకూరులో గుడి ముందు కాళి కోసం రాయి నిలబెట్టించాడు, దాని పూజకు భూమి ఇప్పించాడు. రాయి మీద కుక్క, పంది కొట్లాట చెక్కి ఉంటది. ఆ రాయికి పూజ చేయకుండా పూజారి అన్నం తినకూడదని కూడా రాయించారు. ఇప్పుడు ఆ రాయి బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. వెయ్యేళ్ళు దాటింది, ఆ యుద్ధంలో చచ్చిన వేలమంది సైనికుల పేర్లు మనకు తెలియవు, కాళి పేరు తెలుసు.

ఇంత ప్రేమ చూశాం కదా, ఇప్పుడు రెండో వైపు కూడా చూడాలి. 2024 ఫిబ్రవరి, మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్. అర్ధరాత్రి ఎవరో వచ్చి ఊర్లో 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. కారణం ఏందని తీస్తే, పోలీసులు చెప్పింది విని నాకైతే నోట మాట రాలేదు. ఒక పెంపుడు కుక్కను వీధికుక్కలు చంపాయట, ఆ కోపంతో చేశారట. అంటే ఒక కుక్క మీద ప్రేమే 20 కుక్కల ప్రాణం తీసింది.

వీధికుక్కలతో సమస్య లేదని నేను అనట్లేదు. పిల్లలను కరుస్తున్నాయి, రేబిస్ వస్తే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కరిస్తే వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, టీకా వేయించుకోవాలి. కుక్కలకు టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించాలి. ఇది ఊరు ఊరంతా, పంచాయతీ కలిసి చేయాల్సిన పని. తుపాకీతో అయ్యేది కాదు.

మన భారతం చూడండి. నన్నయ తెలుగులో చెప్పిన ఆదిపర్వంలో మొదట్లోనే ఒక కుక్కపిల్ల వస్తది. జనమేజయుడి తమ్ముళ్ళు ఏ తప్పూ చేయని ఆ పిల్లను కొడతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీస్తది. చివర్లో మళ్ళీ కుక్కే. వెంట వచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు. ఆయన కుక్క జాతి, ధర అడగలేదు. నా వెంట వచ్చింది, అంతే అన్నాడు.

మా రాజు పోయి చాలా ఏళ్ళయింది. దానికి రాయి ఎవరూ పెట్టలేదు, వేప చెట్టు కింద పూడ్చారు. ఇప్పటికీ ఆ స్టేజీలో బస్సు దిగితే నా కళ్ళు ముందు కిందికే చూస్తాయి.

మీ ఇంటి నేస్తం పేరేంది, దాని పిచ్చి అలవాటు ఏంది? ఒకసారి మీ అమ్మమ్మను, తాతను కూడా అడగండి, వాళ్ళ చిన్నప్పటి కుక్క పేరు తప్పకుండా గుర్తుంటది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!