ఆదాయము, ఆస్తి, గృహవ్యయము

హైదరాబాదునకు తూర్పుననున్న దిల్‌సుఖ్‌నగరమునకు దిల్‌సుఖ్ రాం ప్రసాదను జాగీరుదారుని వలన ఆ పేరు కలిగినది. ఒకనాడది యాతని పొలము. ఆవలి ఎల్.బి.నగరము లాల్ బహదూర్ శాస్త్రి పేరిట వెలసినది. పొలములు ప్లాట్లై, ప్లాట్లు మేడలైన యీ చరిత్రలోనే గృహస్థుల వ్యయచరిత్రయు నిమిడియున్నది.

ఆదాయము హెచ్చినకొలది భోజనమునకు పోవు భాగము తగ్గునని 1857లో జర్మను గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ కనిపెట్టెను. మన దేశపు పట్టణములలో 1999-2000లో గృహవ్యయమున నూటికి 48 వంతులు ఆహారమునకు పోగా, 2022-23 నాటికి 39 వంతులే పోయెను. మిగిలిన రూకలెచ్చటికి పోయినవో తెలియగోరువారు దిల్‌సుఖ్‌నగరపు పెద్దబాటను చూచిన చాలును: బంగారపు దుకాణములు, బట్టల అంగళ్లు, పరీక్షలకు తరిఫీదునిచ్చు శిక్షణాలయములు, వానిని నమ్మివచ్చిన పల్లెటూరి పిల్లలకు హాస్టళ్లు. (కొత్తపేట పండ్ల అంగడి మాత్రము 2021-22లో బాటసింగారమునకు తరలిపోయినది.)

అయినను వ్యయమును నడపునది ఆదాయమొక్కటియే కాదు. నెలజీతము చూచి కాక, బహుకాలమునకు రాగలదని నమ్మిన రాబడిని బట్టియే మనుజులు ఖర్చు చేయుదురని 1957లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించెను. ఆస్తి యా నమ్మకమునకు ఆధారము. చౌకకాలమున స్థలము కొన్న గుమాస్తా, పింఛను స్వల్పమైనను, మీది అంతస్తు అద్దెకిచ్చి మనుమని చదువునకు జంకక వ్యయపెట్టును. అంతకంటె హెచ్చు జీతముగల అద్దెయింటివాడు చీటీపాట సొమ్మునకై యెదురుచూచును. ఇంటి అప్పు వాయిదా దాపురించినప్పుడు మొదట తాకట్టునకు పోవునది ఇల్లాలి బంగారమే యని వేరుగ చెప్పనేల?

కావున ఆస్తి యెవరి పేరనున్నదను ప్రశ్న మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఆంధ్రప్రదేశ శాసనము 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానహక్కొసగెను. అప్పటికే పెండ్లియైనవారు 2005 వరకు వేచియుండవలసివచ్చెను. జీతముతో కొన్న ప్లాటు స్వార్జితము. దానిని తండ్రి వీలునామాతో నిష్టమువచ్చినవారికీయవచ్చును. వీలునామా లేనిచో 1956 నాటి హిందూవారసత్వచట్టము ప్రకారము భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును సమభాగములే. కాని రిజిస్ట్రారు కచేరీలో జరుగునది వేరు. "నీకు కట్నమిచ్చితిమి కదమ్మా" యని యన్నగారు కాగితము ముందుంచగా, పుట్టింటి రాకపోకలు నిలిచిపోవునను భయమున ఆడుబిడ్డ హక్కువిడుదల పత్రముపై వ్రాలుచేయును. కట్నము 1961 నుండియే నిషిద్ధమను మాట యచ్చట నెవరును తలంపరు.